కిలో తగ్గించినవాడికే జరిమానా

పోయిన నెల ఒక ఆటో నా బండి వెనక డోరు గీసుకుంటూ పోతే, విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన డెంటింగ్ షెడ్డుకి తీసుకెళ్ళాను. నాకంటే ముందు ఇంకొకాయన వచ్చి ఉన్నాడు. పక్కన నిలబెట్టిన చిన్న కారు డోరు మీద వేలి కణుపులతో రెండుసార్లు తట్టి, "రేకు డబ్బా" అని పెదవి విరిచాడు. తన పెద్ద బండి డోరు తీసి ధబ్‌మని వేసి, విన్నారా అన్నట్టు మా వైపు చూశాడు. మేస్త్రీ నవ్వి ఊరుకున్నాడు.

ఆయన వెళ్ళాక మేస్త్రీ నన్ను షెడ్డు లోపలికి పిలిచాడు. అక్కడ ఇంకో పెద్ద బండి డోరు లోపలి అట్ట ఊడదీసి పెట్టి ఉంది. పై రేకుకి లోపలివైపు తారు పలకలాంటి నల్లటి ముక్క అతికించి ఉంది. "దీన్ని పీకేస్తే ఇదీ డబ్బాలాగే మోగుద్ది సార్. పైరేకు ఏ బండికైనా ముప్పావు మిల్లీమీటరు అటూ ఇటూ అంతే. ఆ ధబ్ అనేది ఈ ముక్క చేసే శబ్దం" అన్నాడు. తర్వాత ఇందాకటి 'రేకు డబ్బా' దగ్గరికి తీసుకెళ్ళి, ముందు డోరుకీ వెనక డోరుకీ మధ్యనున్న పిల్లర్ మీద చెయ్యి వేశాడు. "ఇక్కడ డ్రిల్లు పెడితే బిట్టు మొద్దుబారుతుంది. వేడి చేసి సాగదీద్దామంటే కంపెనీవాళ్ళు వద్దంటారు. వంగితే కోసి కొత్తది వేయడమే. పాత సుత్తి పనులు దీని మీద సాగవు."

కార్ల బరువు గురించి దేశంలో నడుస్తున్న గొడవంతా ఆ రెండు డోర్ల మధ్య ఉంది. బరువు పెంచి చెవికి నమ్మకం కలిగించే పద్ధతి ఒకటి. బరువు తగ్గించి, బలం ఉండాల్సిన చోట ఉంచే పద్ధతి ఇంకొకటి. మొదటిదానికి కొనేవాడు చప్పట్లు కొడుతున్నాడు. కొనేవాడికి ఇంజనీరింగ్ తెలియకపోవచ్చు, సరే. మన ప్రభుత్వ లెక్క కూడా ఆ ధబ్ శబ్దానికే మార్కులు వేస్తోంది. దాని మీదే నా పేచీ.

బరువుకీ మైలేజీకీ ఉన్న సంబంధం అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. సిగ్నల్ దగ్గర ఆగిన బండిని కదిలించాలంటే దాని బరువునంతా కదిలించాలి. మళ్ళీ వంద గజాల్లో బ్రేకు తొక్కితే, అప్పటిదాకా కాల్చిన పెట్రోలు చక్రాల దగ్గర వేడిగా పోతుంది. హైవే మీద వేగంగా పోయేటప్పుడు గాలిని చీల్చడానికే ఎక్కువ ఖర్చవుతుంది గానీ, ఆగుతూ కదులుతూ నడిచే మన ఊళ్ళలో బరువే పెద్ద దొంగ. బరువు 10 శాతం తగ్గితే మైలేజీ 6 నుంచి 8 శాతం పెరుగుతుందని అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క. ఇంజనీర్ల మోటు లెక్క ఇంకొకటుంది: 100 కిలోలు తగ్గితే 100 కిలోమీటర్లకు 0.3 లీటరు మిగులుతుంది. తేలికైన బండికి తగ్గట్టు ఇంజన్నీ గేర్లనీ మార్చకపోతే అందులో సగమే దక్కుతుంది. ఈ రెండు అంకెలు, 0.3, 0.15, గుర్తుపెట్టుకోండి. వీటితో పనుంది.

ఇప్పుడు మన కేఫ్ (కార్పొరేట్ యావరేజ్ ఫ్యూయల్ ఎఫిషియెన్సీ) నిబంధనల సంగతి. కంపెనీ ఏడాది పొడవునా అమ్మిన కార్లన్నిటి సగటు ఇంధన వినియోగం ఒక హద్దు దాటకూడదన్నది వాటి సారాంశం. 2017-18లో మొదటి దశ మొదలైంది, 2022-23 నుంచి రెండో దశ నడుస్తోంది. కిలోమీటరుకు 113 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అని పేపర్లలో వచ్చే అంకె ఈ రెండో దశదే. కానీ 113 అందరికీ ఒకటే హద్దు కాదు. అది సగటు బరువున్న కంపెనీకి వర్తించే అంకె. అసలు హద్దు లీటర్లలో లెక్కకట్టే ఒక సూత్రంలో ఉంది. కంపెనీ అమ్మిన కార్ల సగటు బరువులోంచి 1145 కిలోలు తీసేయాలి. మిగిలినదాన్ని 0.002తో గుణించాలి. దానికి 4.7694 కలపాలి. వచ్చిన అంకె ఆ కంపెనీ 100 కిలోమీటర్లకు సగటున తాగించగలిగిన లీటర్లు.

కాగితం మీద వేసి చూద్దాం. సగటున 1500 కిలోల బండ్లు అమ్మే కంపెనీకి హద్దు దాదాపు 5.48 లీటర్లు, అంటే లీటరుకు 18 కిలోమీటర్ల పైచిలుకు ఇస్తే చాలు. సగటున 900 కిలోల బండ్లు అమ్మేవాడికి హద్దు 4.28 లీటర్లు, అంటే 23 కిలోమీటర్లు దాటాలి. పిల్లల పుస్తకాల సంచులు తూకం వేసి, ఎవరి సంచి బరువుంటే వాళ్ళకి పాసు మార్కులు తగ్గించే బడి ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

ఇంతవరకు చాలామంది చెప్పేదే. నాకు నిద్ర పట్టనివ్వనిది దీని తర్వాతి మెట్టు. ఒక కంపెనీ బుద్ధిమంతుడిలా కూర్చుని, మంచి ఉక్కు కొని, డిజైన్ మార్చి, తన కార్లన్నిటి నుంచీ 100 కిలోలు దించిందనుకుందాం. 100ని 0.002తో గుణిస్తే 0.2. అంటే మరుక్షణమే ఆ కంపెనీ హద్దు 0.2 లీటరు కిందికి జారుతుంది. ఇంజనూ గేర్లూ కూడా మార్చినవాడు 0.3 లీటరు మిగిల్చాడు, అందులో 0.2 సూత్రం లాగేసుకుంది. మూడు రూపాయలు సంపాదిస్తే రెండు రూపాయలు పట్టుకుపోయినట్టు. ఇక ఇంజను ముట్టుకోకుండా బరువు మాత్రం తగ్గించినవాడి గతి చూడండి. అతను మిగిల్చింది 0.15, పోగొట్టుకున్నది 0.2. బరువు తగ్గించిన పాపానికి నిన్నటికంటే వెనకబడ్డాడు.

ఇది ఉత్త అంకెల ఆట అనుకోకండి. 2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టం ప్రకారం, హద్దును 0.2 లీటరు వరకు దాటితే అమ్మిన ఒక్కో బండికి 25,000 రూపాయలు జరిమానా. 0.2 పైన దాటితే బండికి 50,000. సరిగ్గా 0.2! సగటు బరువులో 100 కిలోల తేడా ఎంత చేస్తుందో అంత. లక్షల బండ్లు అమ్మే కంపెనీ బోర్డు గదిలో ఈ మాట ఎవరైనా లేవదీస్తే, తేలిక ఉక్కు మీద కోట్లు పెట్టమని వాదించే ఇంజనీరు మొహం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కారు కొన్నవాడికి లాభం ఎలాగూ దక్కుతుంది కదా అంటారా? దక్కుతుంది. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగేవాడికి 100 కిలోల తేలిక 45 లీటర్ల పెట్రోలు మిగులుస్తుంది. కానీ డబ్బు పెట్టేది కంపెనీ. పైగా ఆ 45 లీటర్లు షోరూమ్‌లో కనిపించవు, వినిపించవు. వినిపించేది ధబ్ శబ్దమే.

ఫలితం అంకెల్లోనే కనబడుతోంది. మొదటి దశలో సూత్రం మధ్యలో పెట్టుకున్న సగటు బరువు 1037 కిలోలు. రెండో దశకి 1145. 2027 ఏప్రిల్ నుంచి రావాల్సిన మూడో దశకు 2025 సెప్టెంబరులో బయటపెట్టిన ముసాయిదాలో 1170. లీటర్ల హద్దు దశ దశకూ బిగుస్తున్న మాట నిజం. బరువుని గుణించే అంకె కూడా మొదటి దశలోని 0.0024 నుంచి రెండో దశలో 0.002కి తగ్గింది. కానీ ఆ తర్వాత, మూడో దశ ముసాయిదాలోనూ ఆ 0.002 కదల్లేదు. ఇంధనం పొదుపు చేయమని రాసిన నిబంధన, బండ్లు బరువెక్కుతుంటే అడ్డు చెప్పకుండా పక్కకి జరిగి దారి ఇచ్చింది. 2024-25లో దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో మూడింట రెండు వంతులకు దగ్గరగా యుటిలిటీ వాహనాలే, అంటే ఎస్‌యూవీల్లాంటి బండ్లే. మన పెనుకొండ కియా ఫ్యాక్టరీ గేటు ముందు ఓ గంట నిలబడి చూడండి, సెల్టోస్, సోనెట్, కారెన్స్ వరసగా వస్తాయి గానీ ఒక్క హ్యాచ్‌బ్యాక్ కనపడదు. కియాని తప్పుపట్టడం లేదు. జనం అడిగేది వాళ్ళు చేస్తున్నారు, లెక్క కూడా అదే చేయమంటోంది.

అవతలివాళ్ళ వాదన కూడా చెప్పాలి. పెద్ద కుటుంబానికి ఏడు సీట్ల బండి కావాలి, దాన్ని చిన్న కారు గజంబద్దతో కొలిస్తే అన్యాయం కదా అంటారు. నిజమే, పెద్ద బండికి కొంత వెసులుబాటు ఉండాలి. మూడో దశ ముసాయిదాలో 909 కిలోల లోపు చిన్న పెట్రోలు కార్లకు కిలోమీటరుకు 3 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ రాయితీ పెడితే, అది ఒక్క మారుతి కోసమే రాసినట్టుందని టాటా, మహీంద్రా అభ్యంతరం చెప్పాయి. ఆ అభ్యంతరంలోనూ పస ఉంది. 909 దగ్గర గోడ కడితే 915 కిలోల బండి ఏం పాపం చేసింది? గోడకు ఇవతల ఉండడానికి ఎయిర్‌బ్యాగో, ఇంకో రక్షణ ముక్కో పీకేసే ఆశ పుట్టదా? నేను ఈ రాయితీ వైపు లేను. వంకర సూత్రానికి 909 అనే అతుకు వేయడం మందు కాదు. సూత్రంలోంచి బరువునే తీసేయాలి.

తీసేసి ఏం పెట్టాలి? కొలత పెట్టాలి. నాలుగు చక్రాలు నేల మీద ఆనిన చోట్లను కలిపితే వచ్చే నీడ, అంటే పొడవు వెడల్పుల వైశాల్యం. అమెరికాలో 2011 మోడళ్ళ నుంచి కార్లకూ ట్రక్కులకూ ఇదే లెక్క. ఏడు సీట్ల బండికి నీడ ఎక్కువ కాబట్టి వెసులుబాటు దానంతటదే వస్తుంది. అదే నీడలో 100 కిలోలు తగ్గించినవాడు మిగిల్చిన 0.3 అతని జేబులోనే ఉంటుంది. అమెరికాలో ఈ లెక్క కూడా బండ్లని పొడుగ్గా, వెడల్పుగా సాగదీసిందన్న విమర్శ ఉంది, ట్రక్కులకి వేరే గీత గీసి వాళ్ళు ఇంకో కంత తెరిచారు. ఆ కంత మనకి అక్కర్లేదు. ఇక యూరప్ సంగతి. భారత్ స్టేజ్ నిబంధనలన్నీ యూరో చూసి రాసుకున్న మనం ఇది చూడాలి. వాళ్ళూ ఏళ్ళ తరబడి బరువు పెరిగితే వెసులుబాటు పెంచే లెక్కే వాడారు. 2025 నుంచి ఆ గీత తలకిందులైంది. ఇప్పుడు అక్కడ సగటు బరువు ఎక్కువున్న కంపెనీకి హద్దు కొంచెం ఎక్కువ బిగుస్తుంది. బరువైన ఎలక్ట్రిక్ బండ్లు పెరగడం దానికి కారణం. కారణం ఏదైనా, బరువుకి బహుమతి ఇవ్వడం ఆగింది.

ఇక్కడికి రాగానే ఎవరో ఒకరు 'మరి సేఫ్టీ?' అంటారు. బరువైన బండి గట్టి బండి అన్నది మనవాళ్ళ గుండెల్లో దిగిన మాట. దానికి జవాబు ఒక్క కంపెనీ చరిత్రలోనే ఉంది. మారుతి ఎస్‌ప్రెసోకి 2020లో, కార్లని గుద్దించి భద్రతకి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ సున్నా స్టార్లు ఇచ్చింది. 2022లో స్విఫ్ట్‌కి ఒకే ఒక్కటి వచ్చింది. రేకు డబ్బా అన్న మాటకి ముద్ర పడింది అప్పుడే. 2024 నవంబరులో అదే కంపెనీ కొత్త డిజైర్‌కి పెద్దల రక్షణలో 5 స్టార్లు వచ్చాయి. ఆ డిజైర్ పెట్రోలు బండి బరువు వెయ్యి కిలోలు కూడా లేదు. టన్ను దాటకుండా 5 స్టార్లు తెచ్చుకోవచ్చని తేలిపోయింది. ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారకుండా పట్టే వ్యవస్థ, గట్టి ఉక్కుని ఎక్కడ పెట్టాలో తెలిసిన డిజైన్, ఇవీ స్టార్లు తెచ్చినవి. వేలి కణుపులతో తట్టే డోరు పైరేకుకి అందులో పాత్ర దాదాపు లేదు.

ఆటోనగర్ మేస్త్రీ డ్రిల్లుని ఓడించిన ఆ పిల్లర్ కథ కూడా చెప్పాలి. మామూలు మెత్తటి కారు రేకు చదరపు మిల్లీమీటరుకు దాదాపు 300 న్యూటన్ల లాగుడు దాకా తట్టుకుంటుంది. బోరాన్ కలిపిన రేకుని కొలిమిలో 900 డిగ్రీలు దాటించి, ఎర్రగా ఉండగానే చల్లటి అచ్చుల మధ్య నొక్కి పట్టి, అక్కడే చల్లారిస్తే అది 1500 దాకా తట్టుకుంటుంది. ఐదు రెట్లు! మన కమ్మరి కొడవలిని కాల్చి నీళ్ళ తొట్టిలో ముంచేటప్పుడు చేసే పనే ఇది, అచ్చులోనే జరుగుతుంది, అంతే తేడా. 1970లలో స్వీడన్‌లోని లూలియోలో పుట్టిన పద్ధతి. 1984లో సాబ్ 9000 డోర్లలో అడ్డపట్టీలుగా మొదట కారెక్కింది. మళ్ళీ వేడి చేస్తే పెట్టిన పదును పోతుంది, అందుకే కంపెనీలు వద్దంటాయి. గట్టిది కాబట్టి పలచగా వేయొచ్చు, పలచనిది కాబట్టి బండి తేలికవుతుంది. తేలికదనమూ భద్రతా ఒకే కొలిమిలోంచి వచ్చాయన్నమాట.

'తేలిక' అనగానే మన టీవీ చర్చల్లో అల్యూమినియం, కార్బన్ ఫైబర్ అంటూ ఊగిపోతారు. వాటికి ఘనమైన చరిత్రే ఉంది. 1994లో ఆడి ఏ8 ఒళ్ళంతా అల్యూమినియంతో వచ్చింది. 2015 మోడల్‌గా వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు అల్యూమినియం ఒంటితో దాదాపు 300 కిలోలు దిగింది. బీఎండబ్ల్యూ ఐ3 కార్బన్ ఫైబర్ గూడుతో 2013లో వచ్చి 2022లో ఆగిపోయింది. చూడముచ్చటైన బండ్లే, కానీ మనకి సరిపడవు. ఖరీదు ఒక కారణం. దానికంటే పెద్ద కారణం మన బొగ్గు.

టన్ను కొత్త అల్యూమినియం తీయడానికి కరిగించే దశలోనే దాదాపు 14,000 యూనిట్ల కరెంటు పడుతుంది. నెలకి 200 యూనిట్లు కాల్చే ఇంటికి అది ఐదారేళ్ళ కరెంటు. మన అల్యూమినియం ఫ్యాక్టరీల కరెంటు ఎక్కువగా వాళ్ళ సొంత బొగ్గు ప్లాంట్ల నుంచే వస్తుంది, యూనిట్‌కి సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్. ఒక కారులో 200 కిలోల ఉక్కు తీసి 120 కిలోల అల్యూమినియం పెట్టామనుకోండి. 80 కిలోలు తగ్గాయి. కానీ ఆ అల్యూమినియం పుట్టడానికి టన్నున్నర పైగా వాయువు గాల్లోకి పోయింది, తీసేసిన ఉక్కుకి అయ్యేది అరటన్ను ప్రాంతం. ఈ అప్పు తీరాలంటే, 0.3 లెక్కన పెట్రోలు మిగుల్చుకుంటూ ఆ బండి రెండు లక్షల కిలోమీటర్లు దాటి తిరగాలి. మనలో ఎంతమంది కారు రెండు లక్షలు తిరుగుతుంది? పాత అల్యూమినియం కరిగించి వాడితే ఇందులో 5 శాతం కరెంటు చాలు, అది వేరే కథ. కానీ ఒంటికి కావాల్సినంత మేలు రకం పాత అల్యూమినియం దొరికే రోజు మనకింకా రాలేదు.

అప్పు గాల్లోనే కాదు, నేల మీద కూడా ఉంది. టన్ను అల్యూమినియానికి నాలుగైదు టన్నుల బాక్సైట్ తవ్వాలి. ఆ బాక్సైట్ ఎక్కడుందో తెలుగువాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అరకు, చింతపల్లి కొండల కింద ఉంది. గిరిజన ప్రాంతాల్లో ప్రైవేటు తవ్వకాలు కుదరవన్న 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పు, బాక్సైట్ తవ్వకానికి అడవిని ఇచ్చిన 2015 నాటి జీవో 97, మన్యమంతా రోడ్డెక్కడం, 2019లో లీజుల రద్దు, ఈ వరస మనకు కొట్టినపిండి. మాకవరపాలెం దగ్గర బాక్సైట్ శుద్ధి చేసే రిఫైనరీ కట్టుకుని కూర్చుంటే దానికి ఆ కొండల ఖనిజం రాలేదు. నగరంలో కారు 80 కిలోలు దిగడానికి కాఫీ తోటల మధ్య కొండ దిగాలా? ఇక్కడ నేను మధ్యేమార్గం వెతకను. వద్దు.

ఉక్కు దగ్గరైనా మనం గర్వపడే స్థితిలో లేం. 'ఆంధ్రుల హక్కు' అని ప్రాణాలిచ్చి తెచ్చుకున్న విశాఖ ప్లాంటు కడ్డీలకీ, తీగ చుట్టలకీ, కోణాలకీ కట్టింది. మన ఇళ్ళ స్లాబుల్లో విశాఖ ఉక్కు ఉంది, మన కారు డోర్లలో లేదు. కారు రేకుకి కావాల్సిన పలచటి చుట్టలు జంషెడ్‌పూర్, బళ్ళారి, హజీరా వైపు నుంచి వస్తాయి. ప్లాంటుని అమ్మాలా ఉంచాలా అని ఇన్నేళ్ళుగా కొట్టుకుంటున్నాం గానీ, దానితో ఏ ఉక్కు చేయించాలన్న మాట మన నాయకుల నోట నేను పెద్దగా వినలేదు.

అసలు ఇదంతా రాస్తున్నది మైలేజీ కోసమేనా అని నన్ను నేను అడుగుతున్నాను. కాదేమో. బరువు మన దగ్గర హోదా అయిపోయింది. కాన్వాయ్‌లో ముందు నల్లటి పెద్ద బండి, పెళ్ళికి పెద్ద బండి, అల్లుడికి పెద్ద బండి. దాంట్లో చాలా రోజులు ఒక్క మనిషే తిరుగుతాడు. 60, 70 కిలోల మనిషిని మోయడానికి టన్నున్నర ఇనుము. 'సేఫ్టీ కోసమండీ' అంటారు. ఎవరి సేఫ్టీ? రెండు బండ్లు గుద్దుకుంటే బరువైనదాంట్లో ఉన్నవాడికి దెబ్బ తక్కువ, తేలికదాంట్లో వాడికి ఎక్కువ. అది భౌతికశాస్త్రం, కాదనలేం. అంటే నా బండికి నేను పెంచిన ప్రతి కిలో ఎదుటివాడి ఒంటి మీద పడే కిలో. అతను ఊరుకుంటాడా, వచ్చే ఏడాది ఇంకా బరువైనది కొంటాడు.

ఈ పోటీలో పాల్గొనలేనివాళ్ళు రోడ్డు మీద ఎంతమందో రవాణా శాఖ లెక్కల్లోనే ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్ళేవాళ్ళు. 19.5 శాతం నడిచి వెళ్ళేవాళ్ళు. కార్లు, ట్యాక్సీల్లాంటి చిన్న వాహనాల్లో ఉన్నవాళ్ళు 12.5 శాతం. ముందు సీట్లో భార్యా, వెనక పిల్లలూ ఉన్నవాడి భయం నాకు తెలుసు, నాకూ పిల్లలున్నారు. కానీ స్కూటీ మీద ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని స్కూలుకి వెళ్ళే తల్లికి ఎన్‌క్యాప్ స్టార్లు ఎవరిస్తారు? ఆమె పక్కనుంచి పోయే బండి 900 కిలోలా, 1900 కిలోలా అన్నది ఆమెకి చాలా పెద్ద తేడా. ఈ తేడాని లెక్కలోకి తీసుకునే నిబంధన మన దేశంలో నాకు ఒక్కటీ కనపడలేదు.

బయట దేశాల్లో ఉన్నాయి. జపాన్‌లో బరువుని బట్టి పన్ను వేస్తారు, అరటన్నుకో మెట్టు. ఫ్రాన్స్ 2022 నుంచి కొత్త కారు 1800 కిలోలు దాటితే దాటిన ప్రతి కిలోకీ 10 యూరోల వంతున మొదలుపెట్టి, 2024లో ఆ గీతని 1600కి దించింది. ప్యారిస్‌లో బయటి ఊళ్ళ నుంచి వచ్చే బరువైన బండ్లకి పార్కింగ్ మూడు రెట్లు చేశారు. మన ఆంధ్రలో, తెలంగాణలో కార్ల లైఫ్ ట్యాక్స్ బండి ధరని బట్టి. తేలిక కోసం ఖరీదైన ఉక్కు వాడి బండి ధర పదివేలు పెరిగితే, ఆ పెరిగిన పదివేల మీద కూడా మనం పన్ను వేస్తాం. ఢిల్లీలో సూత్రం దెబ్బ, ఇక్కడ పన్ను దెబ్బ. కేఫ్ సూత్రం కేంద్రం చేతిలో ఉందని రాష్ట్రాలు చేతులు దులుపుకోనక్కర్లేదు. లైఫ్ ట్యాక్స్ వాళ్ళ చేతిలోదే. ధరతో పాటు బరువుకీ ఒక మెట్టు పెట్టమనండి. ఎలక్ట్రిక్ బండికి బ్యాటరీ బరువు కొంత మినహాయించండి, మొత్తం మాత్రం వద్దు. రెండు టన్నుల ఎలక్ట్రిక్ బండి కూడా స్కూటీ పక్కనుంచి పోయేటప్పుడు రెండు టన్నులే.

ఇందుకు కొత్త సర్వేలూ కమిటీలూ అక్కర్లేదు. ప్రతి బండి ఆర్సీలోనూ అన్‌లేడెన్ వెయిట్, అంటే ఖాళీ బండి బరువు, అని ఒక గడి ఉంటుంది, కిలోల్లో అంకె రాసి ఉంటుంది. రాసి పెట్టుకుని దాన్ని ఏం చేస్తున్నారో చూద్దామని షెడ్డులో ఖాళీగా కూర్చున్నప్పుడు నా ఆర్సీ తీశాను. 1,230. ఇంత బండిలో పాల ప్యాకెట్టు కోసం ఒక్కడినే వెళ్ళిన రోజులు గుర్తొచ్చి, కార్డు జేబులో పెట్టేశాను. అమ్మిన డీలరు ఆ గడి గురించి మాట్లాడలేదు, ఇన్సూరెన్సువాడు అడగలేదు, రిజిస్ట్రేషన్ రోజు ఆఫీసులో ఎవరూ దాని మీద వేలు పెట్టలేదు.

నేను బయల్దేరేటప్పుడు షెడ్డు వెనక ఓ పాత కారు బేరం జరుగుతోంది. తుక్కు కొనే ఆయన బానెట్ ఎత్తలేదు, డోరు తట్టలేదు. ఆర్సీ అడిగి తీసుకుని, ఆ గడి చూసి, కిలోకి ఎంతో చెప్పాడు.